జనం బాణీ అంటే ఏమిటి? – బార్టోక్ చిన్న రచన, ఉద్దానం జముకు

ప్రజాకళల గురించి రాసేటప్పుడు మన విమర్శకులు ఒక మాట అలవోకగా వాడుతుంటారు: కవి ప్రజల బాణీని స్వీకరించి అందులో కొత్త వస్తువును ప్రవేశపెట్టాడు అని. ఈ మాట వింటే బాణీ ఒక పాత్ర అనీ, వస్తువు అందులో పోసే నీరనీ అనిపిస్తుంది. పాత్ర ఎవరిదైతేనేం, పోసింది మంచిదైతే చాలునన్నమాట. బుర్రకథ, జముకులకథ, తప్పెటగుళ్లు – అన్నీ ఈ లెక్కన ఖాళీ పాత్రలే. ఈ అవగాహన పొరపాటని నా అభిప్రాయం. దీనివల్ల అభ్యుదయ సాహిత్యానికి ఎంత నష్టం జరిగిందో కూడా మనం ఇంతవరకు సరిగా బేరీజు వేసుకోలేదు.

ఈ విషయాన్ని చర్చించడానికి నేను రెండు దూరపు ఉదాహరణలు తీసుకుంటున్నాను. ఒకటి హంగేరీ స్వరకర్త బేలా బార్టోక్ 1908లో పియానోకు రాసిన ఒక చిన్న రచన. వాయిస్తే మూడు నిమిషాలు కూడా పట్టదు. రెండవది మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకు పట్టి పాడిన పాట. ఈ రెంటికీ రాకపోకలు లేవు. ఒకరి పేరు ఒకరు విని వుండనవసరం లేదు. అయినా ఒకే ప్రశ్నకు ఇద్దరూ జవాబు వెతికారు: జనం నోట వున్న సంగీతాన్ని చదువుకున్నవాడు ఎలా అందుకోవాలి?

బార్టోక్ 1881లో పుట్టాడు. ఆయన యువకుడిగా వున్న రోజుల్లో హంగేరీ సంగీతమంటే పట్టణాల్లో జిప్సీ మేళాలు వాయించే పాటలనే అందరూ అనుకునేవారు. లిస్ట్ అంతటి మహావిద్వాంసుడు కూడా అలాగే అనుకున్నాడు. పెద్దమనుషుల భోజనశాలల్లో వినిపించే సంగీతమే జాతి సంగీతంగా చలామణీ అయింది. దున్నేవాడూ కోసేవాడూ ఏం పాడుతున్నాడో వినడానికి ఎవరికీ తీరిక లేదు. 1904 వేసవిలో బార్టోక్ ఒక పల్లెలో బస చేసినప్పుడు, ట్రాన్సిల్వేనియా నుంచి వచ్చి అక్కడ పిల్లలను ఆడించే పనికి కుదిరిన ఒక అమ్మాయి పాట చెవిని పడింది. అది ఆయన ఎరిగిన హంగేరీ సంగీతం కాదు. అక్కడి నుంచి ఆయన దారి మారింది. 1906 నుంచి జోల్టాన్ కొడాయ్‌తో కలిసి ఎడిసన్ ఫోనోగ్రాఫ్, మైనపు గొట్టాలు మోసుకుంటూ పల్లెలు పట్టి తిరిగాడు. 1907లో ట్రాన్సిల్వేనియాలోని చీక్ ప్రాంతంలో, సేకెయ్ అనే హంగేరియన్ తెగ రైతుల మధ్య, అయిదు స్వరాలతోనే నడిచే పాత వరసలు ఆయనకు దొరికాయి.

మరుసటి ఏడు రాసిన ‘పది తేలిక రచనలు’ అనే సంపుటిలో ఒక దానికి ఆయన పెట్టిన పేరు ‘సేకెయ్‌ల చెంత సాయంకాలం’. బయటి ప్రపంచానికి అది ‘ట్రాన్సిల్వేనియాలో సాయంకాలం’గా తెలుసు. నిర్మాణం చాలా సులువు. రెండు వరసలున్నాయి. మొదటిది నిదానంగా, లయకు కట్టుబడకుండా, మనిషి మాట్లాడినట్టు సాగుతుంది. రెండవది చురుకుగా, లయ తప్పకుండా, నృత్యంలా నడుస్తుంది. మొదటిది, రెండవది, మళ్లీ మొదటిది, మళ్లీ రెండవది, చివరకు మొదటిది – ఇంతే రచన. మొదటి వరసలోని స్వరాలను మన లెక్కలో చెప్పుకుంటే శుద్ధ ధన్యాసి స్వరాలకు సరిపోతాయి. స్వరాలు కలిసినంత మాత్రాన చుట్టరికం కలిసినట్టు కాదు. మన విద్యార్థికి చెవి పట్టు దొరకడానికి మాత్రమే ఈ మాట చెబుతున్నాను.

నేను టెక్కలిలో తెలుగు పాఠం చెబుతాను. జానపద సాహిత్యం బోధించేటప్పుడు ఒకసారి ఈ రచనను తరగతిలో వినిపించి, ఇది పల్లెపాటా, స్వరకర్త సొంతంగా కల్పించిందా అని అడిగాను. పల్లెపాటే అని ముక్తకంఠంతో చెప్పారు. మందస వైపు నుంచి వచ్చే ఒక కుర్రవాడు, “రెండోది పిల్లనగ్రోవి వాయించినట్టుందండి, మాస్టారూ” అన్నాడు. వాడి చెవి మంచిది. 1944లో అమెరికా రేడియోలో మాట్లాడుతూ బార్టోక్ స్వయంగా చెప్పింది ఇదే: మొదటి వరస పాటకు అనుకరణ, రెండవది పల్లె పిల్లనగ్రోవికి అనుకరణ. కాని రెండు వరసలూ ఆయన కల్పించినవే! ఏ పల్లెలోనూ ఎవరూ పాడగా సేకరించినవి కావు. సేకెయ్ రైతుల శైలిలో ఆయన సొంతంగా పలికిన మాటలవి.

ఈ రచన స్వభావమంతా ఇక్కడే వుంది. అరువు తెచ్చుకున్న వరస ఇందులో ఒక్కటీ లేదు, అయినా పరాయి స్వరం ఒక్కటీ వినిపించదు. పాత్ర-నీరు సిద్ధాంతంతో దీన్ని ఎలా వివరించగలం? ఇక్కడ పాత్ర కూడా స్వరకర్త చేసిందే కదా! పల్లె సంగీతపు వ్యాకరణం ఆయన నాలుకకు పట్టింది, కనుకనే ఆ భాషలో ఎవరూ అనని వాక్యాన్ని ఆయన అనగలిగాడు.

బార్టోక్ ఈ అనుభవాన్ని 1931లో చేసిన ప్రసంగాలలో సూత్రీకరించాడు. పల్లె సంగీతం ఆధునిక సంగీతంలోకి మూడు విధాలుగా వస్తుందన్నాడు. మొదటిది, పల్లె వరసను వున్నదున్నట్టు తీసుకొని దానికి వాద్య సహకారం సమకూర్చడం. రెండవది, అలాంటి వరసను స్వరకర్త తానే కల్పించడం. మూడవది, పల్లె వరస గాని దాని అనుకరణ గాని లేకుండానే రచన అంతటా ఆ గాలి వీచడం. ఈ మూడవ స్థితికి చేరినవాడికి పల్లె సంగీతం మాతృభాష అయిపోతుంది. ఈ మూడింటిలో ఒకటి గొప్పది, తక్కినవి తక్కువ అని ఆయన తీర్పు చెప్పలేదు. ప్రతిదానికీ వేరు వేరు శక్తి కావాలి. కాని మూడింటికీ ముందు ఒక షరతు వుంది: పల్లెలో వుండి, విని, ఆ సంగీతం ఏ జీవితంలోంచి వస్తున్నదో తెలుసుకోవాలి. పుస్తకంలో చూసి నేర్చుకున్నవాడికి వరస అందుతుంది, పలుకు అందదు.

ఇక ఉద్దానానికి వద్దాం. ఉద్యానవనమే ఉద్దానమైందంటారు. పలాస, మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి ప్రాంతాల్లో కొబ్బరి, జీడి, పనస తోటలు సముద్రపు గట్టు దాకా వ్యాపించిన నేల ఇది. ఒక పక్క మహేంద్రగిరి, సవరల కొండలు. ఒక పక్క సముద్రం. ఉత్తరాన ఒడియా నేల. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు గంజాం జిల్లా చీలిపోయింది. పర్లాకిమిడి పట్టణం అవతలికి పోయింది. టెక్కలి, సోంపేట మద్రాసు రాష్ట్రంలోనే విశాఖపట్నం జిల్లాలోకి వచ్చాయి. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. సరిహద్దు గీత కాగితం మీద పడిందే గాని, గుమ్మాలలో రెండు భాషలూ కలిసే వున్నాయి.

పల్లె గొంతును చదువుకున్నవాడు వినాలన్న ఆలోచన కూడా ఈ నేలకు కొత్త కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి సవరలను ఇంట పెట్టుకొని వారి భాష నేర్చుకున్నారు, వారికోసం పాఠ్యపుస్తకాలు రాశారు. ఆయన సవర భాషా వ్యాకరణ గ్రంథం 1931లో వెలువడింది. బార్టోక్ పైన చెప్పిన ప్రసంగాలు చేసిందీ ఆ ఏడే. వాడుకభాష కోసం గిడుగు చేసిన పోరాటాన్ని మనం తరచు స్మరిస్తాం. దానికి వేరు సవర గుడిసెలలో వుందన్న సంగతి అంతగా గుర్తుచేసుకోం.

ఈ నేలకు పోరాట చరిత్ర కూడా వుంది. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. మహాసభ ముగిసిన కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీ అడవి నుంచి కలప తెచ్చుకునే హక్కు విషయమై తలెత్తిన ఘర్షణలో గుడారి రాజమణిపురం రైతులపై పోలీసులు కాల్పులు జరిపారు. సాసుమాను గున్నమ్మ, మరికొందరు ప్రాణాలు కోల్పోయారు. జనం ఆమెను వీరగున్నమ్మ అన్నారు. జమీందారీలు పోయాయి గాని భూమి, అడవి, అప్పు అనే మూడు ప్రశ్నలు పోలేదు. ఈ ప్రశ్నలే గిరిజన సంఘాన్ని నడిపించాయి. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద కోరన్న, మంగన్నల హత్య తరువాత సాయుధ పోరాటంగా రూపం దాల్చాయి.

జముకు ఈ ప్రాంతపు వాద్యం. పీపాలాంటి డొల్లకు ఒక వైపు తోలు మూసి, ఆ తోలు నడుమ నుంచి ఒక తంతి లాగుతారు. డొల్లను చంకలో ఇరికించుకొని, ఒక చేత్తో తంతిని బిగబట్టి, మరొక చేత్తో మీటుతారు. బిగువు పెంచితే ధ్వని పైకి పోతుంది, వదిలితే కిందికి జారుతుంది. అందువల్ల అది డప్పులాగా లయ వేస్తుంది, తంబురాలాగా మూలుగుతుంది. మనిషి గొంతులాగా ధ్వనిని వంచుతుంది కూడా. తెలంగాణలో దీని చుట్టమైన జమిడికతో బైండ్లవారు ఎల్లమ్మ కథ చెబుతారు. ఉత్తరాంధ్రలో జముకులకథ ప్రధానంగా గ్రామదేవతల కథలకు పుట్టిన రూపం. కథకుడు ఒకచోట మాటను సాగదీస్తాడు. అక్కడ జముకు ఆగి ఆగి పలుకుతుంది. ఒకచోట పాట అందుకుంటాడు. జముకు లయ పట్టి పరుగెత్తుతుంది. బార్టోక్ చిన్న రచనలో మాటలా సాగే వరస, ఆటలా నడిచే వరస ఒకదానివెంట ఒకటి వచ్చినట్టే, జముకులకథ నడకకు కూడా ఈ రెండే కాళ్లు. కథ చెప్పే జనానికి ఎక్కడైనా ఈ రెండూ అవసరమే. ఆలోచించాల్సిన చోట మాట, కదలాల్సిన చోట లయ.

సుబ్బారావు పాణిగ్రాహి పలాస దగ్గరి బొడ్డపాడులో గుడి పూజారి. ఇంటిభాష ఒడియా, పాడిన భాష తెలుగు. గుడిలో మంత్రం చెప్పే నోటితోనే ఆయన జముకులకథ పట్టాడు. ఇందులో ఒక సాంఘికమైన విశేషముంది. జముకు అగ్రవర్ణాల వాద్యం కాదు. పురాణం చెప్పేవాడికి తంబురా వుంటుంది, హరికథకు చిడతలుంటాయి. జముకును చంకన పెట్టుకోవడమంటే కూర్చునే చోటు మార్చుకోవడమే. పాణిగ్రాహి తన బృందంతో పల్లెల్లో రైతుల, గిరిజనుల కష్టాన్ని కథగా చెప్పాడు. తరువాత పోరాటంలో చేరి అజ్ఞాతంలోకి వెళ్లాడు. 1969 డిసెంబరు 22న రంగమటియా కొండల్లో పంచాది నిర్మలతోపాటు ఆయనను కూడా పోలీసులు కాల్చి చంపారు. ఆ ఏడు మే 27న నిర్మల భర్త పంచాది కృష్ణమూర్తిని అప్పటికే చంపివేశారు. ఆ పోరాటపు పంథాపై వామపక్షంలోనే తీవ్రమైన భేదాభిప్రాయాలున్నాయి. ఆ చర్చకు వేరే చోటుంది. ఇక్కడ మన ప్రశ్న పాటను గురించినది.

ఎరుపు రంగును చూసి జడిసేవాళ్లను గేలి చేస్తూ ఆయన రాసిన పాట తెలుగునాట అందరూ ఎరిగినదే. దాని పొందిక గమనించండి. పాదాలు చిన్నవి. పాదం చివర ఒక మాటను అని వెంటనే రెండోసారి అంటాడు. జముకు మీద పడే జంట మీటులాగా వుంటుందది. అందులో సిద్ధాంతపు పారిభాషిక పదం లేదు. చంటిపిల్లలను తెచ్చి పెద్దవాళ్ల పక్కన నిలబెట్టి, ఎవరికి ధైర్యమెక్కువో చూడమంటాడు. ఊరి రచ్చబండ దగ్గర వరసైనవాళ్లు మేలమాడే తీరిది. భయపెట్టేవాణ్ణి తిట్టడం సులువు. వాడే భయపడుతున్నాడని నవ్వడం జనానికి తెలిసిన విద్య. ఆ నవ్వును పాణిగ్రాహి బాణీతోపాటే నేర్చుకున్నాడు. అందుకే రాసినవాడి పేరు తెలియకుండా కూడా ఆ పాటను పాడేవాళ్లున్నారు. పల్లెభాషలో కొత్త వాక్యం అనడమంటే ఇదే. బార్టోక్ చెప్పిన రెండవ విధానానికి మనకు దొరికే మంచి ఉదాహరణలలో ఇది ఒకటి.

ఇద్దరి విషయంలోనూ మరొక సంగతి వుంది. బార్టోక్ ఒక్క హంగేరీ పాటలే సేకరించలేదు. స్లొవాకు, రుమేనియా పల్లెలు తిరిగాడు. 1913లో అల్జీరియాలోని బిస్క్రాకు, 1936లో తుర్కీకి వెళ్లాడు. 1920లో త్రియనాన్ ఒప్పందం వల్ల ట్రాన్సిల్వేనియా రుమేనియాకు పోయి హంగేరీలో జాత్యహంకారం పెచ్చరిల్లిన సమయంలో, రుమేనియన్ పల్లెపాటల మీద ఆయన రాసిన వ్యాసాన్ని పట్టుకొని దేశద్రోహి అన్నారు. ఆయన వెనక్కు తగ్గలేదు. పల్లెపాట బతికేది ఇచ్చిపుచ్చుకోవడం వల్లనేగాని శుద్ధి వల్ల కాదని 1942లో మరొకసారి రాశాడు. ఐరోపాను జాతిశుద్ధి పేరిట నాజీలు తగులబెడుతున్న కాలమది. పాణిగ్రాహి కూడా రెండు భాషల గట్టు మీద నిలబడినవాడే. ఒడియా ఇంట పుట్టినవాడు తెలుగు జనానికి తమ పాటనిచ్చాడంటే, ‘జనం బాణీ’ అన్నది రక్తంతో వచ్చేది కాదని రుజువైంది. వినేవాడికి అది అందుతుంది. విననివాడికి ఆ ఊళ్లోనే పుట్టినా అందదు.

ఇప్పుడు మనలోని పొరపాటును కూడా ముఖాముఖి చూడాలి. బార్టోక్ 1919లో హంగేరీ సోవియట్ ప్రభుత్వం ఏర్పరచిన సంగీత మండలిలో కొడాయ్‌తోపాటు పనిచేశాడు. ఫాసిజాన్ని ద్వేషించి 1940లో దేశం విడిచి, 1945లో న్యూయార్కులో మరణించాడు. ఇలాంటివాణ్ణి కొత్త హంగేరీ నెత్తిన పెట్టుకోవాలి. పెట్టుకుంది, కాని సగాన్నే! 1948లో మాస్కోలో షొస్తకోవిచ్, ప్రొకోఫియెవ్‌ల మీద వెలువడిన తీర్మానం తరువాత ‘రూపవాదం’ అనే మాట బుడాపెస్టుకు కూడా చేరింది. పల్లెపాటల మీద కట్టిన బార్టోక్ రచనలను మెచ్చుకొని, ‘అద్భుత మాండరిన్’ వంటి జటిలమైన వాటిని కొన్నేళ్లపాటు రేడియోకూ రంగస్థలానికీ దూరం పెట్టారు. ‘సాయంకాలం’ ప్రజలది, మాండరిన్ బూర్జువాలది! ఒకే మనిషిని రెండుగా కోశారు.

ఆ తీర్పు వెనుక వున్నది పాత్ర-నీరు సిద్ధాంతమే. పల్లె వరస కంటికి కనిపిస్తే ప్రజాకళ; కనిపించకపోతే కాదు. సులువుగా వుంటే ప్రజలకు, కష్టంగా వుంటే శత్రువుకు. ‘సాయంకాలం’లోని సులువు ఎన్ని ఊళ్లు తిరిగితే వచ్చిందో చూడలేదు. కష్టమైన రచనల్లో కూడా ఆ ఊళ్ల గాలే వీస్తున్నదని వినలేదు. ఇదే తప్పు మనవాళ్లు తలకిందులుగా చేశారు. పాణిగ్రాహి పాటను వీరుడి జ్ఞాపకంగా గౌరవించి, కవిత్వంగా పరిశీలించడం మానేశాం. సంస్మరణ సభల్లో పాడుకున్నాం. తరగతి గదుల్లో దాని ఛందస్సు, దాని నవ్వు, జముకుతో దానికున్న బంధం పాఠంగా చెప్పినవారు ఎంతమంది? ఒకరిని సులువు పేరిట కోస్తే, మరొకరిని త్యాగం పేరిట కప్పేశాం.

ఇతరులు మాత్రం బాణీ విలువను బాగానే గుర్తించారు. ప్రభుత్వాలు దశాబ్దాలుగా పొదుపు నుంచి కుటుంబ నియంత్రణ వరకు ప్రతి ప్రచారానికీ జానపద రూపాలను వాడుకున్నాయి. ఆ కథల్లో జముకు మోగుతుంది, కథ మాత్రం కార్యాలయంలో తయారవుతుంది. 2020లో విడుదలైన ‘పలాస 1978’ చిత్రంలోని నక్కిలీసు గొలుసు పాట ద్వారా ఉత్తరాంధ్ర జానపద వరసను లక్షలమంది విన్నారు. ఇది బార్టోక్ చెప్పిన మొదటి విధానం. అందులో తప్పేమీ లేదు. మంచి వరస నలుగురి చెవినా పడాల్సిందే. కాని వరస ఊరు దాటి వెళ్లినప్పుడు, దాన్ని ఇన్నాళ్లు కాపాడిన గొంతులకు ఏం దక్కిందన్న ప్రశ్న వుండనే వుంటుంది. మూడవ విధానానికి మనకు వంగపండు ప్రసాదరావు వున్నాడు. 2020 ఆగస్టులో మనకు దూరమైన ఆ కవి పాటల్లో ఫలానా పల్లె వరస ఇదీ అని వేలు పెట్టి చూపించనక్కర లేదు. పార్వతీపురం వైపు మనిషి ఊపిరి తీసుకున్న చోటల్లా పాట విరుగుతుంది. ఆయనకు ఉత్తరాంధ్ర యాస రాగమే అయిపోయింది.

ఈ మూడు దారులూ మనకు తెరిచే వున్నాయి. కాని వాటి మొదట్లో వున్న గేటు మాత్రం మూసుకుపోతున్నది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరిని, జీడిని నేలమట్టం చేసింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుందని రైతు లెక్క వేసుకున్నాడు. ఎదురుచూడలేనివాళ్లు వలస పోయారు. మూత్రపిండాల జబ్బు దశాబ్దాలుగా ఇక్కడి ఇళ్లను తొలుస్తున్నది. పాటగాడు కూడా ఆ రైతుల్లోనే, ఆ రోగుల్లోనే వుంటాడు. వాడి వలసతో, వాడి మరణంతో పోయే వరసకు మొక్క నాటడం కుదరదు.

అందువల్ల ఈ జిల్లా విద్యార్థులకూ, ఉపాధ్యాయులకూ నా సూచన ఒక్కటే. ప్రజల బాణీలో రాయాలనే ఉత్సాహం మంచిదే, రాయకముందు వినండి. బార్టోక్ మైనపు గొట్టాల పెట్టె మోసుకొని బండి దారుల్లో తిరిగాడు. ఈనాడు అంతకంటె మంచి యంత్రం ప్రతి విద్యార్థి జేబులోనూ వుంది. ఊళ్లో జముకు పట్టగలిగిన ముసలాయన దగ్గర కూర్చొని పాట నింపుకోండి. పాటతోపాటు ఆయన పేరు, ఊరు, ఆయనకు నేర్పిన గురువు పేరు రాసిపెట్టండి. ఏ పండుగకు పాడతారో, ఎక్కడ మాట ఆగుతుందో, ఎక్కడ తంతి బిగుస్తుందో అడిగి తెలుసుకోండి. ఇదంతా నాలుకకు పట్టిన తరువాత మీరు అనే వాక్యం పాతదైనా కొత్తదైనా, సులువైనా కష్టమైనా, అది జనానిది అవునో కాదో తేల్చడానికి విమర్శకుడు అక్కరలేదు. పక్కన కూర్చున్న ఆ ముసలాయనే, తల ఊపడమో జముకు కింద పెట్టడమో చేసి తేల్చేస్తాడు.